ఎవరు చంపినా చావు చావే

మనిషి ప్రాణం తీసే హక్కు ఎవరికీ, ఏ కారణంతోనూ లేదని చెప్పే నైతిక సిద్ధాంతం వినడానికి చాలా పాతదిగా, అందరూ ఒప్పుకునేదిగా అనిపిస్తుంది. నిజానికి దాన్ని పూర్తిగా ఒప్పుకునేవారు ఎప్పుడూ కొద్దిమందే. హత్య తప్పని అందరూ అంటారు, అన్న వెంటనే ఎవరి మినహాయింపు వారు పక్కన పెట్టుకుంటారు. ఒకరికి అది యుద్ధం, ఒకరికి ఉరిశిక్ష, ఒకరికి విప్లవం, ఇంకొకరికి కుటుంబ పరువు. మినహాయింపులన్నిటినీ ఒక్కచోటికి తెచ్చి, వాటిలో ఏదీ చెల్లదని చెప్పడమే ఈ సిద్ధాంతం ప్రత్యేకత.

దీనికి ఇరవయ్యో శతాబ్దంలో ఒక పేరు వచ్చింది. అమెరికాలో శాంతి ఉద్యమంలో పనిచేసిన కాథలిక్ రచయిత్రి ఐలీన్ ఈగన్ 1971లో దీన్ని కుట్టులేని అంగీతో పోల్చింది. యోహాను సువార్తలో క్రీస్తు తొడుక్కున్న అంగీ అది. పైనుంచి కిందివరకూ ఒకటే నేత కాబట్టి ఒక ముక్క చింపి మిగతాది దాచుకోవడం కుదరదు. 1983 డిసెంబర్ 6న షికాగో ఆర్చిబిషప్ కార్డినల్ జోసెఫ్ బెర్నార్డిన్ న్యూయార్క్‌లోని ఫోర్డామ్ విశ్వవిద్యాలయంలో చేసిన ప్రసంగంతో ఆ ఆలోచన సిద్ధాంత రూపం తీసుకుంది. అణ్వాయుధాలు, మరణశిక్ష, గర్భస్రావం, కారుణ్య మరణం అన్నీ ఒకే ప్రశ్నకు వేర్వేరు ముఖాలని ఆయన వాదించాడు. అక్కడి కుడిపక్షానికి సగం నచ్చింది, ఎడమపక్షానికి మిగతా సగం నచ్చింది.

తెలుగు నేల మీద ఈ ఆలోచన ప్రసంగ వేదికల మీద పుట్టలేదు. జైలు గేట్ల దగ్గర, శవపరీక్ష గదుల ముందు, కోర్టు వరండాల్లో, నిజనిర్ధారణ బృందాల నోటు పుస్తకాల్లో కొద్దికొద్దిగా రూపు కట్టింది. మొదలుపెట్టినవారిలో చాలామందికి అహింస మీద ప్రత్యేకమైన విశ్వాసం కూడా లేదు. అందుకే వాళ్లు చేరుకున్న చోటికి అంత విలువ.

మరణశిక్ష దగ్గర మొదలుపెట్టాలి. 1949 జూన్ 3న రాజ్యాంగ సభలో డాక్టర్ అంబేడ్కర్ మరణశిక్షను రద్దు చేయడమే మేలనీ, అహింసను నైతిక ఆదేశంగా నమ్మే దేశానికి అదే తగిన దారి అనీ చెప్పారు. సభ ఆ దారి పట్టలేదు. పాతికేళ్ల తర్వాత ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక కేసులో సుప్రీంకోర్టు ఆ ప్రశ్నను మళ్లీ ముట్టుకుంది. 1974 నాటి ఈడిగ అనమ్మ కేసు అది. ఒక స్త్రీనీ, ఆమె పసిబిడ్డనూ చంపిందన్న నేరం మీద అనమ్మకు ఉరిశిక్ష పడింది. జస్టిస్ వి.ఆర్.కృష్ణయ్యర్ నేరం ఘోరమైనదని ఒప్పుకుంటూనే, నేరం చేసిన మనిషిని కూడా చూడాలన్నారు. ఆమె వయసు 24. మామ కొట్టి ఇంటినుంచి తరిమేస్తే పుట్టింట్లో ఒక్కగానొక్క బిడ్డతో బతుకుతోంది. మెడ మీద ఉరి నెలల తరబడి వేలాడింది. ఇవన్నీ లెక్కలోకి తీసుకుని శిక్షను యావజ్జీవంగా మార్చారు. నేరానికి వెనక ఒక జీవితం ఉంటుందనీ, శిక్ష వేసే ముందు ఆ జీవితాన్ని చదవాలనీ చెప్పిన తొలి తీర్పుల్లో ఇదొకటి.

మరుసటి సంవత్సరమే ఆ మాట చెల్లకుండా పోయింది. ఆదిలాబాద్ జిల్లాకు చెందిన భూమయ్య, కిష్టాగౌడ్ అనే ఇద్దరు రైతులకు భూస్వామి హత్య కేసులో ఉరిశిక్ష పడింది. నక్సల్బరీ కాలపు రాజకీయంలోకి వచ్చిన పేద రైతులు వాళ్లు. ఖరారైన ఉరి ఒకసారి ఆగింది, దేశమంతటా క్షమాభిక్ష కోసం సంతకాలు జరిగాయి. ఎమర్జెన్సీ వచ్చింది. పత్రికలు మూగబోయిన ఆ రోజుల్లో, 1975 డిసెంబర్ 1 తెల్లవారుజామున, ఇద్దరినీ ముషీరాబాద్ జైల్లో ఉరితీశారు. ఆ జైలు ఇప్పుడు లేదు. ఆ స్థలంలో గాంధీ ఆసుపత్రి ఉంది. రోజూ వేలమంది ప్రాణం నిలుపుకోవడానికి వచ్చే ఆ ఆవరణలో ఒకప్పుడు ఉరికంబం ఉండేదని గుర్తున్నవాళ్లు తగ్గిపోతున్నారు. ఖైదీలు నగరానికి ఈశాన్యాన, నేటి మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోని చర్లపల్లికి మారారు.

ఉరి కనీసం కోర్టు చెప్పి వేసే శిక్ష. డెబ్బైల నుంచి తెలుగువారికి అలవాటైన మరో చావుకు కోర్టు కూడా అక్కర్లేదు. పట్టుకున్న మనిషిని అడవిలోకి తీసుకువెళ్లి కాల్చి, ఎదురుకాల్పుల్లో పోయాడని ప్రకటించడానికి ‘ఎన్‌కౌంటర్’ అనే ఇంగ్లీషు మాట తెలుగు మాటైపోయింది. ఎమర్జెన్సీ ముగిశాక జస్టిస్ వి.ఎం.తార్కుండే నాయకత్వంలోని కమిటీ ఆంధ్రప్రదేశ్ ఎన్‌కౌంటర్లను విచారించి, అవి ఎదురుకాల్పులు కావని తేల్చింది. ఆ పనిలో ముందున్న న్యాయవాది కె.జి.కన్నబిరాన్ 1978 నుంచి 1994 వరకు పౌరహక్కుల సంఘానికి అధ్యక్షుడు. ఆ సంఘానికి 1983 నుంచి ప్రధాన కార్యదర్శిగా కె.బాలగోపాల్ పదిహేనేళ్లు పనిచేశారు. 1952లో బళ్లారిలో పుట్టి, వరంగల్‌లో గణితంలో డాక్టరేట్ చేసి, కాకతీయ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన మనిషి ఆయన.

ఆ పని ఖరీదు చిన్నది కాదు. 1985 సెప్టెంబర్ 3న సంఘం ఉపాధ్యక్షుడు డాక్టర్ ఎ.రామనాథాన్ని వరంగల్‌లో ఆయన వైద్యశాలలోనే కాల్చి చంపారు. పిల్లల డాక్టరుగా ఊరంతా ఎరిగిన మనిషి. 1991లో న్యాయవాది నర్రా ప్రభాకర్‌రెడ్డి హత్యకు గురయ్యారు. 1989లో బాలగోపాల్‌ను అపహరించి వదిలేశారు. ఇంత జరిగాక ఒక సంఘం రాజ్యహింస గురించే మాట్లాడటం, అవతలివైపు నక్సలైట్ల హింస గురించి మాట్లాడకపోవడం మానవ స్వభావానికి సహజమే. అయితే సరిగ్గా అక్కడే తెలుగు హక్కుల చరిత్ర మలుపు తిరిగింది.

1990 అక్టోబర్ 10న చర్లపల్లి స్టేషన్ దగ్గర కాకతీయ రైలు బోగీకి నక్సలైట్లు నిప్పుపెట్టారు. 40 మందికి పైగా సజీవ దహనమయ్యారు. వాళ్లలో దొరలు లేరు, పోలీసులు లేరు. పని చేసుకుని ఇళ్లకు పోయే మామూలు ప్రయాణికులు. పల్లెల్లో ఇన్ఫార్మర్ అన్న ముద్ర వేసి చంపడం అప్పటికే మామూలైపోయింది. చచ్చినవాళ్లలో పేదలు, దళితులు, ఆదివాసులు ఎక్కువ. రాజ్యం చంపితే రాజ్యాంగాన్ని అడగవచ్చు. ప్రజల పేరు మీద చంపితే ఏం అడగాలి? ఈ ప్రశ్న పౌరహక్కుల సంఘంలో తొంభైల పొడవునా నలిగింది. బాలగోపాల్ వాదన స్థూలంగా ఇది. హక్కులు రాజ్యం మీద విసిరే రాళ్లు మాత్రమే కావు, అవి సమాజం మొత్తం పాటించవలసిన విలువలు. కులం, కుటుంబం, మతం, విప్లవ పార్టీ ఏవీ వాటికి అతీతం కావు. అన్యాయంపై పోరాడేవాడి చేతిలో చచ్చిన మనిషి ప్రాణానికి తక్కువ విలువ కట్టడం మొదలుపెట్టిన రోజున హక్కుల ఉద్యమం తన కాళ్లు తానే నరుక్కుంటుంది. సంఘంలో చాలామందికి ఇది రాజ్యాన్నీ ప్రజలనూ ఒకే తక్కెడలో తూచినట్టు అనిపించింది. అన్ని హింసలూ ఒకటే బరువని బాలగోపాల్ అనలేదు. బరువు తేడాలు చూపించి ఒక హింసకు అనుమతి ఇవ్వవద్దన్నారు. చివరికి ఆయనా, ఆయనతో ఏకీభవించినవారూ బయటికి వచ్చి 1998 అక్టోబర్‌లో మానవ హక్కుల వేదిక స్థాపించారు.

అదే కాలంలో మరో ప్రయత్నం సాగింది. విశ్రాంత ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్.శంకరన్ కన్వీనర్‌గా 1997లో పౌర స్పందన వేదిక ఏర్పడింది. 1987 డిసెంబర్‌లో తూర్పుగోదావరి జిల్లా గుర్తేడు దగ్గర శంకరన్‌ను, మరికొందరు అధికారులను నక్సలైట్ పార్టీ పీపుల్స్‌వార్ అపహరించింది. తనను బందీగా పట్టుకున్నవాళ్లతోనే పదేళ్ల తర్వాత మాట్లాడటానికి బయల్దేరిన మనిషి ఆయన. కన్నబిరాన్, ప్రొఫెసర్ హరగోపాల్, పత్రికా సంపాదకుడు పొత్తూరి వెంకటేశ్వరరావు ఆయన వెంట నడిచారు. వేదిక సభ్యులు ప్రభుత్వానికి రాసినంత ఘాటుగానే నక్సలైట్లకూ రాశారు. చంపేముందు ఆగమని ఇద్దరినీ అడిగారు, ఇద్దరి చేతా అనుమానింపబడ్డారు.

ఆగకపోతే ఏమవుతుందో తర్వాతి కొన్నేళ్లలోనే రాష్ట్రం చూసింది. 1999 డిసెంబర్ 2న కరీంనగర్ జిల్లా కొయ్యూరు అడవిలో పీపుల్స్‌వార్ అగ్రనేతలు నల్లా ఆదిరెడ్డి, సంతోష్‌రెడ్డి, శీలం నరేశ్ ఎన్‌కౌంటర్‌లో చనిపోయారని పోలీసులు ప్రకటించారు. వేరే రాష్ట్రంలో పట్టుకొచ్చి చంపారని హక్కుల సంఘాలు ఆరోపించాయి. 2000 మార్చి 7న ఘట్‌కేసర్ దగ్గర మందుపాతర పేలి మంత్రి ఎలిమినేటి మాధవరెడ్డి మరణించారు. కొయ్యూరుకు బదులుగానే అని అందరూ అర్థం చేసుకున్నారు. ఆ నవంబర్‌లో హైదరాబాద్‌లో పౌరహక్కుల సంఘం నాయకుడు పురుషోత్తంను, 2001 ఫిబ్రవరిలో నల్లగొండలో ఆజం అలీని నరికి చంపారు. ఒక చావు ఇంకో చావుకు జవాబయింది, ఆ జవాబుకు మళ్లీ జవాబు వచ్చింది. గొలుసును ఏ కొనలో పట్టుకున్నా ‘ముందు వాళ్లే మొదలుపెట్టారు’ అనే మాటే దొరికేది. పౌర స్పందన వేదిక ఓపికకు ఫలంగా 2004 అక్టోబర్‌లో ప్రభుత్వమూ నక్సలైట్లూ హైదరాబాద్‌లో ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకున్నారు. కొన్ని నెలలకే చర్చలు చెడిపోయాయి. అయినా ఆ కాస్త కాలంలో బతికి బయటపడ్డ ప్రాణాలను వృథా ప్రయత్నం అన్న లెక్కలో వేయడం న్యాయం కాదు.

ఈ సిద్ధాంతానికి అసలు పరీక్ష మంచివాళ్లను కాపాడటంలో లేదు. 1993 మార్చి 8న చిలకలూరిపేట దగ్గర ఇద్దరు దళిత యువకులు దోపిడీ కోసం బస్సెక్కి పెట్రోలు చల్లారు. బస్సు అంటుకుని 23 మంది ప్రయాణికులు కాలిపోయారు. ఇందులో రాజకీయం లేదు, ఆదర్శం లేదు. సుప్రీంకోర్టు 1996లో ఉరిశిక్షను ఖాయం చేసింది. 1997 మార్చిలో ఉరి తేదీ దగ్గరపడ్డాక రాష్ట్రంలోని హక్కుల సంఘాలు, దళిత సంఘాలు, రచయితలు కదిలారు. బెంగాలీ రచయిత్రి మహాశ్వేతాదేవి క్షమాభిక్ష కోసం రాష్ట్రపతికి అర్జీ పెట్టారు. ఆ ఉరి ఆగింది, రాష్ట్రపతి కె.ఆర్.నారాయణన్ 1998లో శిక్షను యావజ్జీవంగా మార్చారు. ఉద్యమకారులు నేరం చిన్నదని అనలేదు. కాలిపోయిన 23 మంది కుటుంబాల దుఃఖం వాళ్లకు తెలియనిదీ కాదు. అంత దుఃఖం ఉన్నచోట కూడా రాజ్యం ఇంకో రెండు ప్రాణాలు తీయకూడదన్నారు. చర్లపల్లి బోగీని ఖండించిన మాటా, చిలకలూరిపేట దోషుల ప్రాణం అడిగిన మాటా ఒకే మాట అని అప్పుడు కొంతమందికైనా అర్థమైంది.

చట్టం వైపునా కొంత కదలిక వచ్చింది. తెలుగు న్యాయమూర్తి జస్టిస్ ఒ.చిన్నపరెడ్డి 1983లో వైదీశ్వరన్ కేసులో, ఉరికోసం ఎదురుచూపే ఒక హింస అని గుర్తించి, రెండేళ్లకు మించిన ఆలస్యం శిక్షను తగ్గించడానికి చాలునన్నారు. తర్వాతి తీర్పులు ఆ గడువును ఒప్పుకోలేదు గానీ, ఆలస్యం అనే కారణం బతికే ఉంది. ఎన్‌కౌంటర్ల మీద పౌరహక్కుల సంఘం చేసిన ఫిర్యాదులు జాతీయ మానవ హక్కుల కమిషన్‌ను కదిపి, 1997 మార్చి 29న దేశంలోని ముఖ్యమంత్రులందరికీ మార్గదర్శకాలు వెళ్లేలా చేశాయి. 2009 ఫిబ్రవరి 6న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇంకో అడుగు వేసింది. ఎన్‌కౌంటర్‌లో మనిషి చనిపోతే కేసు నమోదు చేయాలి, ఆత్మరక్షణ కోసం కాల్చామన్న మాటను పోలీసులు విచారణలో రుజువు చేసుకోవాలి అని చెప్పింది. సుప్రీంకోర్టు దాని అమలును ఆపింది. 2014 సెప్టెంబర్ 23న తానే ఇచ్చిన మార్గదర్శకాల్లో కేసు నమోదునూ, స్వతంత్ర దర్యాప్తునూ తప్పనిసరి చేసింది. బాలగోపాల్ 2009 అక్టోబర్ 8న, శంకరన్ 2010 అక్టోబర్ 7న, కన్నబిరాన్ 2010 డిసెంబర్ 30న పోయారు. పదిహేను నెలల్లో ముగ్గురూ.

బెర్నార్డిన్ అంగీ తెలుగువారికి పూర్తిగా సరిపోయిందని అనుకోనక్కర్లేదు. గర్భస్రావం దగ్గర దారులు వేరయ్యాయి. 1971 చట్టం షరతులతో అనుమతించిన గర్భవిచ్ఛిత్తిని ఇక్కడి స్త్రీవాదులు స్త్రీ ప్రాణరక్షణగానే చూశారు. దొంగచాటు నాటువైద్యంలో చచ్చిపోయిన ఆడవాళ్లు వాళ్ల కళ్లముందు ఉన్నారు. అదే సమయంలో ఆడపిల్ల అని తెలిసి తీసేయించడాన్ని వాళ్లు గట్టిగా వ్యతిరేకించారు, 1994లో లింగనిర్ధారణ నిషేధ చట్టం వచ్చింది. ఈ వైఖరిలో వైరుధ్యం ఉందని కాథలిక్ వాదులు అంటారు. ఒకదానిలో నిర్ణయం స్త్రీది, ఇంకొకదానిలో నిర్ణయం ఆమె మీద రుద్దిన సమాజానిది అన్నది స్త్రీవాదుల జవాబు. ఆ జవాబులో బలం ఉంది.

కారుణ్య మరణం ప్రశ్న 2004లో హైదరాబాద్ గుమ్మంలోకే వచ్చింది. కండరాలు క్షీణించే వ్యాధితో మంచంపట్టిన 25 ఏళ్ల చదరంగ క్రీడాకారుడు, అవయవాలు పాడుకాకముందే ప్రాణం వదిలి వాటిని దానం చేయాలని కోరాడు. తల్లి హైకోర్టుకు వెళ్లింది. చట్టం ఒప్పుకోదని కోర్టు కాదంది. కొద్దిరోజులకే అతను చనిపోయాడు. ఇంకొకరి ప్రాణం నిలబెట్టడానికి తన ప్రాణం వదులుకుంటానన్న మనిషిని హింసకు పాల్పడుతున్నాడని ఏ సిద్ధాంతమూ తేలిగ్గా అనలేదు. 2018 మార్చి 9న సుప్రీంకోర్టు, కోలుకోలేని రోగికి కృత్రిమ ప్రాణాధారాన్ని తొలగించడానికి అనుమతించింది. ప్రాణం తీసే ఇంజెక్షన్‌కు అనుమతి లేదు.

ఇన్నేళ్ల వాదనలు జనంలోకి ఎంత ఇంకాయో 2019 చెప్పింది. ఆ నవంబర్ 27న శంషాబాద్ దగ్గర యువ పశువైద్యురాలిపై అత్యాచారం చేసి చంపి తగలబెట్టారు. డిసెంబర్ 6 తెల్లవారుజామున నలుగురు నిందితులు షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో పోలీసు కాల్పుల్లో చనిపోయారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు, మిఠాయిలు పంచారు. ఆ ఉత్సవం మధ్య కొందరు స్త్రీవాదులు, హక్కుల కార్యకర్తలు హైకోర్టుకు వెళ్లి, శవాలను భద్రపరచాలనీ విచారణ జరగాలనీ అడిగారు. అత్యాచారాలపై జీవితమంతా పోరాడిన స్త్రీలే నిందితుల ప్రాణం గురించి ప్రశ్నించడం చాలామందికి ద్రోహంగా కనిపించింది. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ 2022లో ఇచ్చిన నివేదికలో, పోలీసులు చెప్పిన కథ నమ్మదగినది కాదనీ, పదిమంది పోలీసులపై హత్య విచారణ జరగాలనీ చెప్పింది. చనిపోయిన నలుగురిలో ముగ్గురు మైనర్లని కూడా తేల్చింది. ఆ వయసు ముందే తేలాల్సింది. తేల్చడానికి కోర్టు ఒక్కటే చోటు, వాళ్లను అక్కడిదాకా రానివ్వలేదు.

మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో ఈ చరిత్ర ఇప్పుడు రెండు చోట్ల నడుస్తోంది. ఒకటి చర్లపల్లి. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో 18 మందిని బలిగొన్న జంట పేలుళ్ల కేసు విచారణ ఆ కేంద్ర కారాగారంలోనే జరిగింది. 2016 డిసెంబర్‌లో ఐదుగురికి ఉరిశిక్ష వేశారు. 2025 ఏప్రిల్ 8న తెలంగాణ హైకోర్టు దాన్ని ఖాయం చేసింది.

రెండోది శామీర్‌పేట. చెరువుకు దగ్గర్లోని జస్టిస్ సిటీలో 1998 నాటి చట్టంతో ఏర్పడిన నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. బాలగోపాల్ మానవ హక్కుల వేదిక పెట్టిన సంవత్సరమే అది. కన్నబిరాన్ కుమార్తె, సామాజిక శాస్త్రవేత్త కల్పనా కన్నబిరాన్ దాని తొలినాళ్ల అధ్యాపకుల్లో ఒకరు. అక్కడే చదువుకున్న అనూప్ సురేంద్రనాథ్ ఢిల్లీలోని జాతీయ న్యాయ విశ్వవిద్యాలయంలో 2014లో మరణశిక్షపై ఒక పరిశోధన కేంద్రం మొదలుపెట్టారు. ఆ బృందం దేశంలో ఉరిశిక్ష పడ్డ 385 మందిలో 373 మందిని కలిసి మాట్లాడి 2016లో నివేదిక వెలువరించింది. వాళ్లలో దాదాపు నాలుగింట మూడు వంతులు పేదలు, అంతే నిష్పత్తిలో వెనకబడిన కులాలు, దళితులు, ఆదివాసులు, మతమైనారిటీలు. ఆ పని ఇప్పుడు ‘స్క్వేర్ సర్కిల్ క్లినిక్’ పేరుతో శామీర్‌పేటకు, నల్సార్‌కు వచ్చి చేరింది.

అక్కడివాళ్లు చేసే పనిలో ముఖ్యమైనది దోషి జీవితాన్ని వెతకడం. ఊరికి వెళ్తారు. తల్లితో, బడి పంతులుతో, పాత ఇరుగుపొరుగుతో మాట్లాడతారు. ఆసుపత్రి చీటీలు, బడి రిజిస్టర్లు తీస్తారు. చిన్నతనపు దెబ్బలు, ఆకలి, మతి చలించిన రోజులు, జైల్లో వచ్చిన మార్పు రాసి కోర్టు ముందు పెడతారు. 2022 మే 20న మనోజ్ కేసులో సుప్రీంకోర్టు, ఉరిశిక్ష వేసే ముందు విచారణ కోర్టులు ఇలాంటి వివరాలు తప్పక తెప్పించుకోవాలని చెప్పింది. ఈడిగ అనమ్మ వయసూ, ఆమె చంకలోని బిడ్డా, మామ కొట్టిన దెబ్బలూ 1974లో ఒక న్యాయమూర్తి తనంతట తాను వెతికి చూసినవి. ఆ వెతకడాన్ని ఇప్పుడు శామీర్‌పేటలో కుర్ర లాయర్లు ఒక్కో కేసుకు నెలల తరబడి చేస్తున్నారు.